పద్నాలుగో నంబరు ఇల్లు

భైంసాకు పదకొండు మైళ్ళ దూరంలో, నల్లరేగడి చేల నడుమ ఒకప్పుడు రెండు వందల ఎకరాల సంత్ర తోట, అంటే కమలాపండ్ల తోట, ఉండేది. ఇప్పుడక్కడ పత్తి పండుతుంది. తోట పూతకొచ్చిన రోజుల్లో ఎడ్లబండి మీద ఆ దారిన పోయేవాళ్ళు మాటలు ఆపేసేవారని, వాసన అంత దూరం వచ్చేదని ఆ వైపు ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు.

తోట వేయించింది హైదరాబాదులో ఉండే ఒక సాబు. సాబు పోయాక, పందొమ్మిది వందల అరవై ఒకటిలో, ఆయన కొడుకులు దాన్ని అమ్మేశారు. కొన్న సేఠుకు కావలసింది భూమి. చెట్లు అక్కరలేదు, చెట్లను నమ్ముకున్న కూలీలు అసలే అక్కరలేదు. తోట పడమటి అంచున ఒకే కప్పు కింద వరసగా ఇరవై రెండు ఇళ్ళున్నాయి. దాన్ని అందరూ లైను అనేవారు. ఆ లైను కూలీలకే రాసివ్వాలని అంతయ్య అనే, మొక్కలకు అంట్లు కట్టే మనిషి ఏడాది పాటు కచేరీల చుట్టూ తిరిగాడు. చెప్పులు అరిగాయి కానీ పని అయింది. సాబు కొడుకులు ఒప్పుకున్నారు. కూలీలంతా కలిసి ఒక సంఘం పెట్టుకుంటే లైను మొత్తం ఆ సంఘం పేర రాసిస్తామన్నారు.

ఒక గురువారం పొద్దున సహకార సంఘాల ఇన్స్పెక్టరు సభ్యుల లిస్టు పట్టుకొని వచ్చాడు. సంత్రలు ఏరే కొట్టంలో, రెండు పెట్టెల మీద పలక వేసి, ఆయనకు బల్ల చేశారు. ఆ పలక వేసింది ఇస్తారి. ఇస్తారి తోట వడ్లాయన, అంటే వడ్రంగి. యాభై ఆరేళ్ళుంటాయి. లైను కట్టిన నాటి నుంచి తోటలోనే ఉన్నాడు. ఆ రోజు కూడా కొట్టం మూల కూర్చుని సంత్ర పెట్టెలకు మొలలు కొడుతున్నాడు. నోట్లో నాలుగు మొలలు పెట్టుకొని, ఒక్కొక్కటే నాలుకతో ముందుకు తోసి, రెండు దెబ్బల్లో దించేవాడు. ఇన్స్పెక్టరు చదవడం మొదలుపెట్టగానే సుత్తె పక్కన పెట్టాడు.

చదివే ముందు ఇన్స్పెక్టరు అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. ఇల్లు ఏ ఒక్కరి పేరా ఉండదు, సంఘం పేర ఉంటుంది. సంఘమంటే వాళ్ళందరే. ఇంటికొక వాటా. బతికినన్నాళ్ళు ఉండవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, బయటివాళ్ళకు అమ్మరాదు. కూలీలే సభ్యులు. నెల జీతం మీద ఉన్న తోట నౌకర్లు సభ్యులు కాలేరు.

"ఒకటో నంబరు. వడ్ల ఇస్తారి, కూలి" అని చదివాడు.

ఇస్తారి నోట్లోని మొలలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అతను కూలి కాదు. ఇరవై ఏడేళ్ళుగా నెల జీతం మనిషి. తోట గుమాస్తా హైదరాబాదు వెళ్ళిపోతూ, లిస్టులో అలా రాసి చేసిన మేలు అది. ఆ సంగతి కొట్టంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

పేర్లు సాగుతున్నాయి. కింద పరిచిన గోనె బోరెం మీద కూర్చున్న ఆడవాళ్ళు పండ్లు ఏరుతూనే వింటున్నారు. పెద్దవి కుడికి, చిన్నవి ఎడమకు, తొడిమ ఊడినవి వెనక్కు. ఇన్స్పెక్టరు పదమూడు చదివి పదిహేనుకు వెళ్ళాడు. శంకరవ్వ అనే ఆమె చెయ్యి ఒక పండు దగ్గర ఆగింది.

"సారూ, పద్నాలుగు సదువలే" అంది.

ఇన్స్పెక్టరు వేలు పెట్టి చూసుకున్నాడు. పద్నాలుగో నంబరు ఎదుట ఖాళీ అని రాసి ఉందన్నాడు.

"ఖాళీ అంటే?"

"ఎవరూ ఉంటలేరని."

"నేనుంటున్న గద."

ఆయన చెడ్డమనిషి కాదు. కలం మూసి ఓపికగా విన్నాడు. శంకరవ్వ భర్త మల్లన్న మూడేళ్ళ కింద పాము కరిచి పోయాడు. రిజిస్టరులో ఉండేవి మగవాళ్ళ పేర్లే. పందొమ్మిదేళ్ళుగా తోటలో పండ్లు ఏరుతున్నా ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. మల్లన్న పేరు కొట్టేసిన రోజునే ఇల్లు ఖాళీ అయిపోయింది, కాగితం మీద. ఆమె మాత్రం కదలలేదు. అంతా విని, తాను ఆమె మాట మీద గానీ పక్కింటివాళ్ళ మాట మీద గానీ రాయలేనన్నాడు ఇన్స్పెక్టరు. తోట జీతగాడు ఎవడైనా, ఈమె ఎడతెగకుండా ఆ ఇంట్లోనే ఉందని సంతకం పెడితే లిస్టులో చేరుస్తానన్నాడు. సోమవారం దాకా గడువుంది. బుధవారం భైంసాలో రిజిస్ట్రీ.

మేనేజరు వెళ్ళిపోయాడు. గుమాస్తా వెళ్ళిపోయాడు. మిగిలిన తోట జీతగాడు ఒక్కడే. ఆ ఒక్కడి వైపు కొట్టంలో ఎవరూ చూడలేదు. చూడకపోవడమే ఇస్తారికి ఎక్కువ తగిలింది. సుత్తె అందుకొని మళ్ళీ మొలలు కొట్టసాగాడు.

శంకరవ్వ ఇంటికి తలుపు లేదు. ఆ తలుపు తీసింది ఇస్తారే.

*

లైను తలుపులు మామూలు తలుపుల్లాంటివి కావు. లైను కట్టేనాటికి ఇస్తారికి ముప్పై ఏళ్ళు నిండలేదు. ఇనుముకు కరువు. తలుపు తిరగడానికి బిగించే కబ్జాలు, అంటే బందులు, దొరకలేదు. అప్పుడతను గుమ్మం దర్వాజకు రెండు కొక్కేలు దిగ్గొట్టి, తలుపుకు రెండు కడియాలు బిగించి, తలుపును కొక్కేల మీద తగిలించే ఉపాయం కనిపెట్టాడు. సాబు తానే వచ్చి చూశాడు. ఒక తలుపు ఎత్తి పక్కన పెట్టి, మళ్ళీ తగిలించి, శభాష్ అన్నాడు. ఇరవై రెండు తలుపులు ఇరవై రెండు రోజుల్లో నిలబెట్టాడు ఇస్తారి. సాయంత్రం పని దిగాక లైను ముందు నిలబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకునేవాడు. కొత్త టేకు వాసన, మొక్కల కోసం తవ్విన నల్లమట్టి వాసన కలిసి వచ్చేవి. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదని సమ్మవ్వతో అనేవాడు. సమ్మవ్వ అతని భార్య.

అంత తేలికగా ఎత్తగలిగే తలుపు ఇంకో పనికి కూడా వస్తుందని సాబు తర్వాత వచ్చిన మేనేజరు కనిపెట్టాడు. పనిలోంచి తీసేసినవాడు ఇల్లు ఖాళీ చేయకపోతే గొడవెందుకు, తలుపు తీసేస్తే సరి. చిట్టీ రాసి ఇస్తారికి పంపేవాడు. ఇస్తారి వెళ్ళి తలుపు ఎత్తుకొచ్చేవాడు. రెండో రోజుకు ఇల్లు దానంతట అదే ఖాళీ అయ్యేది.

శంకరవ్వ ఇంటికి చిట్టీ వచ్చింది మల్లన్న పోయిన పదకొండో రోజున. ఇస్తారి వెళ్ళేసరికి ఆమె గడప లోపల కూర్చుని జొన్నలు విసురుతోంది. చిట్టీ చూపించాడు. ఆమెకు చదువు రాకపోయినా ఆ చిట్టీ ఏమిటో లైనులో అందరికీ తెలుసు. ఏడవలేదు, తిట్టలేదు. "ఇస్తారన్నా, గీ జొన్నలు ఇసురుడు కానియ్యే" అని మాత్రం అంది. దోసెడు జొన్నలు కూడా లేవు. మేనేజరు గుర్రం మీద లైను చివర నిలబడి చూస్తున్నాడు. ఇస్తారి ఆగలేదు. తలుపు ఎత్తి భుజాన వేసుకున్నాడు. బయటి గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టి, తిరగలి చుట్టూ పడ్డ పిండిని ఇల్లంతా లేపింది. ఆమె కొంగుతో తిరగలి కప్పి అలాగే కూర్చుంది. అతను దారిలో ఒక్కసారి వెనక్కు చూశాడు. ఆమె ఇంకా అలాగే ఉంది.

ఆ తలుపు పలకలతో ఆరు సంత్ర పెట్టెలయ్యాయి. ఆమె గుమ్మానికి తడక కట్టుకుంది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

*

శుక్రవారం తెల్లవారగానే ఇస్తారి అటక మీది టేకు పలకలు దించాడు. నాలుగేళ్ళుగా తనకోసం దాచుకున్నవి. ఎందుకని సమ్మవ్వ అడిగితే చెప్పలేదు. పలకలను రందాతో చిత్రిక పట్టాడు. పొట్టు లేచి చుట్టలు చుట్టలుగా కాళ్ళ మీద పడుతుంటే, పాత రోజుల్లో లాగా చెయ్యి దానంతట అది కదిలింది. ఉలితో బద్దలు కూర్చునే కాడీలు తీశాడు. అడ్డబద్దలు ఎక్కించి, సందులు చూసి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు. భైంసా నుంచి తెప్పించి ఎప్పుడో కట్టిపెట్టిన, తలుపును ఎత్తనివ్వని కబ్జాల జత ఒకటుంది. అదీ విప్పాడు. శనివారం మధ్యాహ్నానికి తలుపు తయారైంది. అటువంటి తలుపు లైనులో లేదు.

అతనికి ఒక ఆలోచన ఉంది. తలుపు నిలబెట్టాక సోమవారం ఇన్స్పెక్టరును తీసుకెళ్ళి చూపిస్తే, తలుపున్న ఇంటిని ఆయన ఖాళీ అనలేడు కదా. సంతకం అవసరం పడదు. తన ఇల్లూ తనకుంటుంది. రెండు రోజులు ఈ ఆలోచనే అతని చేత అంత చక్కటి పని చేయించింది.

తలుపు భుజాన వేసుకొని లైను వెంట నడుస్తుంటే ఇళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు తలెత్తి చూశారు. శంకరవ్వ తడక పక్కకు జరిపి బయట ఊడుస్తోంది. అతను తలుపును గోడకు ఆనించాడు. మూడేళ్ళ తర్వాత ఆమె ఎదుట నిలబడి, చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు. తలుపు తెచ్చానని అన్నాడు. ఆమె ఊడవడం ఆపలేదు.

"పేరు తెచ్చినవా?" అంది.

అతను గోడకానించిన తలుపు వైపు చూశాడు.

"ఖాళీ ఇంటికి తలుపు ఎందుకు?" అంది చీపురు గోడకు పెట్టి. "నువ్వు ఎత్తుకొచ్చిన తలుపు రేపు నువ్వే ఎత్తుకపోవచ్చు. నాకు గా కాయితంల నా పేరు గావాలె. అది తెస్తె తే. లేకుంటె నీ తలుపు నువ్వు కొంచవో."

గొంతు పెంచలేదు. పక్కింటి బాలవ్వకు కూడా వినబడి ఉండదు. ఇస్తారి తలుపు మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. వచ్చినప్పటికంటే బరువుగా ఉంది. లైను వెంట తిరిగి నడుస్తూ ఎవరి ముఖమూ చూడలేదు.

*

ఆదివారం సమ్మవ్వ పొయ్యి ముందు రొట్టెలు కొడుతోంది. ఇస్తారి గోడకానుకొని కూర్చున్నాడు. కొత్త తలుపు ఎదురుగా నిలబడి ఉంది. చివరికి అతనే అన్నాడు, సంతకం పెడితే మన పేరు పోతుందని. తెలుసంది సమ్మవ్వ. ఇరవై ఏడేళ్ళ ఇల్లు అన్నాడు. అదీ తెలుసంది. లైనులో అందరూ తనకు మర్యాద ఇస్తారని, తాను చిట్టీ మీద పోయేవాడే తప్ప తనంతట తాను ఎవరికీ చెడుపు చేయలేదని అందరికీ తెలుసని అన్నాడు.

రొట్టె కొట్టే చప్పుడు ఆగింది.

"మూడేండ్ల సంది బాయి కాడ నా నెత్తి మీదికి బిందె ఎత్తినోళ్ళు లేరు" అంది సమ్మవ్వ. "ఎవ్వలు నన్ను ఏమనరు. వాళ్ళ బిందెలు ఒకళ్ళకొకళ్ళు ఎత్తుకొని పోతరు. నేను గట్టు మీద పెట్టుకొని, వంగి నేనే ఎత్తుకుంట. నీకు ఎన్నడు చెప్పలే. చెప్తె ఏం జేస్తవని?"

ఇస్తారి ఆమె మెడ వైపు చూశాడు. ఎడమ పక్క నరం ఉబ్బి ఉంది. వయసు వల్ల అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"ఇల్లు పోతె యాడికి పోదాం?" అని అడిగాడు.

"జమ్మికుంటల మా తమ్ముడున్నడు. పెద్ద అడ్తి బజారు, పత్తి బండ్లు, చెక్రాలు. వడ్లపని దొర్కదా?" పెనం మీది రొట్టె తిప్పింది. "దొర్కకపోతె దొర్కకపాయె. కాని నా ముంగట గా తలుపును గట్ల నిలవెట్టకు. అన్నం దిగుతలేదు."

*

సోమవారం ఇన్స్పెక్టరు వచ్చాడు. కొట్టంలో మళ్ళీ అందరూ చేరారు. శంకరవ్వ ఎప్పటి చోటనే కూర్చుని పండ్లు ఏరుతోంది. సంతకం ఎవరైనా పెడతారా అని ఇన్స్పెక్టరు అడిగాడు. అంతయ్య ఏదో చెప్పబోయాడు. ఈ లోపల మూల నుంచి ఇస్తారి లేచి వచ్చాడు. పని గుడ్డకు చేతులు తుడుచుకొని, బల్ల ముందు నిలబడ్డాడు.

"ఇల్లు ఖాళీ లేదు సారూ. గీమె ఒక్క దినం గూడ ఇడిసిపెట్టి పోలేదు. తలుపు లేని ఇల్లు అది. తలుపు నేనే తీసిన."

ఇన్స్పెక్టరు అతని ముఖం వైపు చూసి, నువ్వు ఎవరివని అడిగాడు.

"తోట వడ్లాయన. నెల జీతం."

ఆయన లిస్టు తిరగేశాడు. ఇందులో కూలి అని ఉందే అన్నాడు. గుమాస్తా రాశాడని, తాను కూలి కాదని ఇస్తారి చెప్పాడు. అయితే ఒకటో నంబరు పేరు కొట్టేయాల్సి వస్తుంది, ఎరుకేనా అన్నాడు ఇన్స్పెక్టరు. ఎరుకే అన్నాడు ఇస్తారి.

కలం అందుకొని, పలకల మీద కొలతలు రాసుకునే పెద్ద అక్షరాలతో, కాగితం సగం నిండేలా సంతకం పెట్టాడు. ఇన్స్పెక్టరు పద్నాలుగు ఎదుట శంకరవ్వ పేరు రాసి పైకి చదివాడు. తర్వాత లిస్టు మొదటికి వెళ్ళి, ఇస్తారి పేరు మీద గీత గీసి, పక్కన ఒక మాట రాశాడు. ఆ మాట పైకి చదవలేదు. తలకిందులుగా ఉన్నా ఇస్తారికి అర్థమైంది. ఖాళీ అని రాశాడు.

అతను వెనక్కు తిరిగి తన మూలకు పోయి కూర్చున్నాడు. శంకరవ్వ తలెత్తలేదు. ఆమె చేతులు మాత్రం కాసేపు పెద్ద పండ్లను, చిన్న పండ్లను కలిపేసి ఒక్క దిక్కే పెట్టాయి. పక్కన కూర్చున్న బాలవ్వ వాటిని వేరుచేసింది.

*

బుధవారం పొద్దున్నే లైను అంతా రెండు బండ్లలో భైంసా పోయింది. ఆడవాళ్ళు మొలకల పున్నం పండుగకు పోయినట్టు కొత్త చీరలు కట్టుకున్నారు. లైనులో మిగిలింది ఇస్తారి, సమ్మవ్వ. సమ్మవ్వ గిన్నెలు మూటగట్టింది. ఇస్తారి పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి, నూనె రాసి, పెట్టెలో సర్దాడు.

మధ్యాహ్నం తూర్పు దిక్కు నుంచి గొడ్డళ్ళ చప్పుడు వినిపించింది. సేఠు మనుషులు చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇస్తారి వెళ్ళి చూశాడు. నరికిన సంత్ర కట్టె పచ్చగా, పసుపు రాసినట్టు ఉంది. కొమ్మలకు ఇంకా అక్కడక్కడ పండ్లున్నాయి. అవి వేసిన ఏడు అతనికి గుర్తుంది. మోకాలెత్తు మొక్కలు. అంతయ్య అప్పటికి కొత్తగా వచ్చిన పడుచువాడు, అరటి నారతో కన్ను అంటు కట్టి, పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టేవాడు. మల్లన్న కావడితో నీళ్ళు మోసేవాడు, మోస్తూ పాడేవాడు. మొదటి పండు కాసినప్పుడు సాబుకు పంపడానికి ఇస్తారి చిన్న పెట్టె చేశాడు. తోటలో ఉన్నవాళ్ళంతా ఆ పెట్టె చుట్టూ చేరి, మూత వేసేదాకా చూశారు. ఆ పండు రుచి వాళ్ళలో ఎవరికీ తెలియదు. అయినా ఎంత మురిసిపోయారో. ఇస్తారి ఒక మొద్దు మీద కూర్చుని, పొద్దు వాలేదాకా అలాగే ఉండిపోయాడు.

సాయంత్రం బండ్లు వచ్చాయి. దిగినవాళ్ళ బొటనవేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి. అంతయ్య చంకలో కాగితాల కట్ట. ఇంటికి పోకుండా అందరూ నేరుగా కొట్టంలోకే పోయారు. సంఘం మొదటి కూటం అది. ఒకటో నంబరు ఇల్లు ఏం చేయాలన్నదే మొదటి మాట. ఇస్తారి సభ్యుడు కాదు కాబట్టి బయట, గుంజ పక్కన నిలబడ్డాడు. పోవడానికి బండి మాట్లాడాలి, ఒకమాట చెప్పి పోదామని వచ్చాడు. లోపలి మాటలు వినబడుతున్నాయి.

ఒకరు తమ అల్లుడికి ఇమ్మన్నారు. ఒకరు కిరాయికి ఇద్దామన్నారు. అంతయ్య లేచి, ఇస్తారిని ఉత్తగనే ఉండనిద్దామని, మనకు అడ్డమేముందని అన్నాడు. చాలామంది తలలూపారు.

"ఉత్తగ వద్దు" అంది శంకరవ్వ.

ఇస్తారి కాళ్ళ వైపు చూసుకున్నాడు. అనడానికి ఆమెకు హక్కుందనుకున్నాడు. పోవడానికి ఒక అడుగు వేశాడు కూడా.

"ఉత్తగ ఇచ్చిన ఇల్లు ఉత్తగనే గుంజుకుంటరు. మనం గాకపోతె మన పోరగాండ్లు గుంజుకుంటరు" అంది ఆమె. "పని రాసుకోండ్రి. లైనుల తలుపులు, కప్పు, దాన్ని మోసే మొగురాలు ఆయన చూడాలె. ఆయన, సమ్మక్క బతికినన్ని దినాలు ఆ ఇంట్ల ఉండాలె. కాయితం మీద రాయాలె. పనికి ఇల్లు. అప్పుడు ఎవ్వలు పొమ్మనరాదు."

అంతయ్య కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసి పైకి చదివాడు. ఒకటో నంబరు ఇల్లు తోట వడ్ల ఇస్తారికి, అతని భార్య సమ్మవ్వకు అని మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి, పొద్దున్నే నల్లబడ్డ వేలికి మళ్ళీ సిరా అద్దుకొని ముద్ర వేశారు. శంకరవ్వ పేరు లిస్టులోకి అందరికంటే ఆఖరున ఎక్కింది కాబట్టి ఆమె వంతు చివర వచ్చింది. వేలు సిరాలో ముంచి, కాగితం మీదికి తెచ్చి ఆగింది. మొదటి ముక్క మళ్ళీ చదవమంది. అంతయ్య చదివాడు.

"తోట ఏడుందే ఇంక?" అంది. "పొద్దటి సంది కొడుతనే ఉన్నరు. లైను వడ్లాయన అని రాయి."

అంతయ్య తోట అన్నది కొట్టేసి, పైన లైను అని రాశాడు. ఆమె ముద్ర వేసింది.

బయటికి వస్తూ, గుంజ పక్కన నిలబడ్డ ఇస్తారి దగ్గర ఆగింది. ఆమె ముఖంలో కోపం పోయిందని చెప్పడానికి లేదు.

"నేనేం మరువలే" అంది. "మరుస్తనని గూడ అనుకోకు."

"అనుకోను" అన్నాడు ఇస్తారి.

ఆమె వేలికున్న సిరాను కొంగు చివరన తుడుచుకుంది. నాలుగడుగులు వేసి, వెనక్కు తిరగకుండానే అంది:

"రేపు పొద్దుగాల రా. ముందుగాల నాది నిలవెట్టు. కబ్జాలు గట్టిగ బిగియ్యి."

ఇరవై ఏడేళ్ళలో అతనికి పని చెప్పింది చిట్టీలే. మనిషి నోట విని పనికి పోవడం ఇదే మొదలు. ఎన్ని గంటలకు రావాలని అడగబోయి, ఆమె అప్పటికే లైను సగం దాటిపోవడం చూసి, వస్తానని తనలో తానే అనుకున్నాడు. ఇంటికి పోయి, సర్దిన పెట్టె విప్పి, ఉలిని నూరడానికి కూర్చున్నాడు.